పిల్లి గడప తొక్కకముందే ఇంట్లో ఉండాల్సినవి

మా మొదటి పిల్లిని కూరగాయల సంచిలో తెచ్చాను. రెండు నెలల పిల్ల, అరచేతిలో ఇమిడేంత. స్కూటీ మీద పావుగంట దారే కదా అనుకున్నాను. మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర వెనకాల బస్సు హారన్ కొట్టగానే అది బెదిరిపోయి, సంచి మూతిలోంచి నా మణికట్టు గీరుకుంటూ పైకొచ్చి రోడ్డు మీదకు దూకింది. పక్కన ఆగి ఉన్న ఆటో కిందకు దూరింది. ఆ ఆటో అన్న ఇంజన్ ఆపి, దిగి, నాతోపాటు మోకాళ్ళ మీద వంగి దాన్ని బయటికి తీయకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఇంటికి చేరాక ఇంకో తిప్పలు. లిట్టర్ (పిల్లి మలమూత్రాల కోసం టబ్బులో పోసే మట్టిలాంటిది) లేదు, పిల్లి తిండి లేదు, అప్పటికే రాత్రి పది దాటింది. పాలు పోశాను. తెల్లారేసరికి దానికి విరేచనాలు.

అందుకే ఎవరైనా పిల్లిని తెచ్చుకుంటున్నామని చెబితే నేను మొదట అడిగేది సామాన్లు వచ్చాయా అని. కనీసం వారం ముందు మొదలుపెట్టండి. పెట్ షాపుకి వెళ్తే ముందు కంటికి కనిపించేవి బొమ్మలు, గంటల పట్టీలు, మెత్తటి పరుపులు. కొనాల్సిన వరస వేరు. ప్రాణానికి సంబంధించినవి ముందు, ఆ తర్వాత మలమూత్రాలకు కావాల్సినవి, తర్వాత తిండి, ఆఖరున ఆటలు. ఆ వరసలోనే చెబుతాను.

1. బాల్కనీకి, కిటికీలకు వల

ఫ్లాటులో ఉండేవాళ్ళు మొదటి రూపాయి దీనిమీదే పెట్టాలి. పిల్లి ఎంత ఎత్తునుంచి పడ్డా కాళ్ళమీదే నిలబడుతుంది, దానికేం కాదు అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. గాల్లో తిరిగి కాళ్ళమీద దిగడం నిజమే. దెబ్బ తగలకపోవడం మాత్రం నిజం కాదు. 1987లో న్యూయార్క్ పశువైద్యులు ఎత్తయిన భవనాల నుంచి పడిన 132 పిల్లుల వివరాలు ప్రచురించారు. చికిత్స చేసినవాటిలో దాదాపు 90 శాతం బతికాయి. ఆ అంకెను చూసి ధైర్యపడేవాళ్ళున్నారు. కానీ అవి ఆసుపత్రి దాకా వచ్చిన పిల్లులు. అక్కడికక్కడే పోయినవి ఆ లెక్కలో లేవు. బతికినవాటిలో చాలావాటికి ఊపిరితిత్తులు దెబ్బతినడం, దవడ పగలడం, కాళ్ళు విరగడం జరిగాయి.

మన ఊళ్ళలో చాలా ఫ్లాట్లకు పావురాల వల ఎలాగూ ఉంటుంది. దాన్నే ఒకసారి చేత్తో లాగి చూడండి. ఎండకు మగ్గిన నైలాన్ తాడు పుటుక్కున తెగుతుంది. కొత్తదైనా పిల్లి కొరికి కన్నం చేయగలదు. మందంగా ఉన్న వల వేయించి, కింది అంచు గోడకు బాగా బిగించమని చెప్పండి. పిల్లిపిల్లలు దూరేది పైనుంచి కాదు, ఆ కింది సందులోంచే. స్టీలు తీగల గ్రిల్ వేయించుకునే స్తోమత ఉంటే తీగల మధ్య ఎడం కొలవండి. పిల్ల తల పట్టిందంటే ఒళ్ళంతా పడుతుంది. బాత్రూమ్ వెంటిలేటరు, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం వదిలిన కన్నం, దోమల మెష్ ఊడిన కిటికీ కూడా చూడండి. వల వేసేవాళ్ళు పిలిచిన రోజే రారు, కాబట్టి అన్నిటికంటే ముందు ఈ ఫోన్ చేయండి.

2. క్యారియర్

నా అనుభవం చెప్పాను కదా, ఇక వాదన అక్కర్లేదు. గట్టి ప్లాస్టిక్‌ది, ముందు జాలి తలుపుతో పాటు పైభాగం కూడా తెరుచుకునేది కొనండి. భయపడిన పిల్లిని ముందు తలుపులోంచి లాగితే గీరుతుంది. పైన తెరిస్తే డాక్టరుగారు దాన్ని అందులో ఉండగానే చూడొచ్చు. పెద్దయ్యాక కూడా సరిపోయే సైజు తీసుకోండి. నిలబడి వెనక్కి తిరగగలిగేంత చోటుండాలి. పారదర్శకమైన గుండ్రటి అద్దం ఉన్న బ్యాక్‌ప్యాకులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ మన ఎండాకాలంలో వాటిలో గాలి ఆడదు.

క్యారియర్‌ను అటకమీద పెట్టకండి. తలుపు తీసి, లోపల పాత తువ్వాలు పరిచి, గదిలో ఒక మూల ఎప్పుడూ ఉంచండి. అప్పుడది పిల్లికి ఆసుపత్రి డబ్బాలా కాకుండా సొంత గూడులా అనిపిస్తుంది. తీసుకురావడానికి వెళ్ళేటప్పుడు అవతలివాళ్ళని దాని తల్లి పడుకున్న గుడ్డపీలిక ఒకటి అడిగి తెచ్చుకోండి. ఆ వాసన తోడుంటే మొదటి రాత్రి ఏడుపు తగ్గుతుంది.

3. లిట్టర్, దాని టబ్బు

ఇంట్లోవాళ్ళు పిల్లి వద్దనడానికి శకునాల కంటే పెద్ద కారణం వాసన. వాసన వస్తోందంటే తప్పు మన ఏర్పాటులోనే ఉంటుంది.

ముందు టబ్బు. పెద్ద పిల్లి ముక్కు నుంచి తోక మొదలు వరకు ఎంత పొడవుంటుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. షాపుల్లో పిల్లిపిల్లల కోసమని అమ్మే చిన్న ట్రేలు మూడు నెలల్లో చాలకుండా పోతాయి. నేను వాడేది ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో కొన్న వెడల్పాటి నిల్వ డబ్బా. ఒక పక్క నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రం మిగిల్చి కోసి, అంచు గరుకుకాగితంతో రుద్దాను. మిగతా మూడు పక్కలు ఎత్తుగా ఉండడం వల్ల తవ్వినప్పుడు లిట్టర్ నేలమీద చిమ్మదు. మూత ఉన్న టబ్బులు మనకు బాగుంటాయి, పిల్లికి బాగుండవు. వాసన లోపలే నిలిచిపోతుంది. ఒక పిల్లికి రెండు టబ్బులు ఉండాలంటారు, అంటే పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ. రెండు గదుల ఇంట్లో కష్టమే అయినా వీలుంటే పాటించండి.

ఇక లిట్టర్. ఎడ్ లోవ్ అనే అమెరికన్ 1947లో దీన్ని మొదలుపెట్టాడు. అప్పటివరకు అక్కడ పిల్లులకు ఇసుక, బూడిద పోసేవాళ్ళు. మిషిగన్‌లో చలికి ఇసుక గడ్డకట్టిందని పక్కింటావిడ అడిగితే, తన దగ్గరున్న పీల్చే మట్టి ఇచ్చాడట. అది ఫుల్లర్స్ ఎర్త్, మనం ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి జాతిది. ఇప్పుడు మన షాపుల్లో ఎక్కువగా దొరికేది బెంటొనైట్. మన దేశంలో ఈ మట్టి గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో బాగా దొరుకుతుంది. మూత్రం తగలగానే ఉండ కడుతుంది, ఆ ఉండను జల్లెడ గరిటెతో తీసేస్తే చాలు. ధర తక్కువ, బరువెక్కువ, కొంచెం దుమ్ము. సోయా పిప్పితో చేసే టోఫు లిట్టర్ దుమ్ము రేపదు, ఆస్తమా ఉన్న ఇంటికి మంచిది, ధర మాత్రం ఎక్కువ. ఏది కొన్నా సువాసన కలపనిదే కొనండి. మనకు లావెండర్ వాసన హాయిగా ఉంటుంది. మనకంటే ఎన్నో రెట్లు వాసన పసిగట్టే పిల్లి ఆ ఘాటు భరించలేక సోఫా వెనక్కి పోతుంది.

ఒక జాగ్రత్త. రెండు నెలలు కూడా నిండని పిల్లలు లిట్టర్‌ను రుచి చూస్తాయి. ఉండకట్టే మట్టి కడుపులోనూ ఉండ కడుతుంది. అంత చిన్నవాటికి కొన్నాళ్ళు ఉండకట్టని చెక్క గుళికలు వాడండి. అసలు 8 వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరుచేయకపోవడమే మంచిది.

మూడు అంగుళాల మందాన పోయండి. రోజుకి రెండుసార్లు తీయండి. మొత్తం పారబోసి, టబ్బును మామూలు సబ్బుతో కడగడం రెండు మూడు వారాలకోసారి. తీసిన ఉండలు కాగితంలో చుట్టి తడిచెత్తతో కలపకుండా వేయాలి. కమోడ్‌లో వేశారంటే పైపు సిమెంటు పోసినట్టు బిగుసుకుంటుంది. వీధిలో పుట్టి మట్టికి అలవాటుపడిన పిల్లయితే మొదటి వారం లిట్టర్ పైన గుప్పెడు తోటమట్టి చల్లండి. ఇదేదో తెలిసిన చోటే అని వెంటనే పోల్చుకుంటుంది.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని పంపించేయమని పెద్దవాళ్ళు టెన్షన్ పెడతారు. వాళ్ళ భయం టాక్సోప్లాస్మా గురించి. ఆ పరాన్నజీవి పిల్లి మలంలో బయటపడ్డాక, అంటించే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తప్పకుండా తీసేస్తే, ఆ పని ఇంట్లో ఇంకొకరు చేస్తే, ప్రమాదం చాలా తగ్గుతుంది. వివరాలు గైనకాలజిస్టుతో మాట్లాడండి.

4. తిండి, గిన్నెలు

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అని సామెతలోనే దానికి పాలు పోసేశాం. తల్లిపాలు మానిన చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు. మా పిల్లకు ఆ రాత్రి జరిగింది అదే. పెరుగన్నం మీద పెరిగిన వీధిపిల్లులు లేవా అంటారు. ఉన్నాయి. బల్లినీ ఎలుకనూ పట్టుకుని లోటు పూడ్చుకుంటాయి. మూడో అంతస్తు ఫ్లాటులో ఆ అవకాశం ఎక్కడిది?

పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి తిండిలోంచే అందాలి, అది సహజంగా దొరికేది ఎక్కువగా మాంసంలోనే. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం వదులైపోతుంది. ఈ గుండెజబ్బుకి కారణం టారిన్ లోపమేనని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చాక పిల్లి తిండి తయారీయే మారిపోయింది. కుక్క తిండి పెట్టి పిల్లిని పెంచకూడదన్నది ఇందుకే. ఇంట్లో మాంసం ముట్టనివాళ్ళు ఈ విషయం ముందే కూర్చుని మాట్లాడుకోండి. ప్యాకెట్‌లో వచ్చే పొడి తిండి గింజలకు ఒప్పుకుంటే సరే. అదీ కుదరదంటే కుందేలును పెంచుకోండి, పిల్లిని శాకాహారిని చేయకండి.

కొనాల్సింది ఇదీ: ఏడాది లోపు పిల్లకు కిటెన్ అని రాసి ఉన్న గింజలు ఒక కిలో ప్యాకెట్, తడి తిండి పౌచ్‌లు ఓ పది. విస్కాస్, మీ-ఓ, రాయల్ కానిన్, ఏదైనా సరే, ప్యాకెట్ మీద అది సంపూర్ణ ఆహారమని ఉందో లేదో చూడండి. ట్రీట్ అని రాసినవి చిరుతిళ్ళు మాత్రమే. పాత ఇంట్లో ఏం తినేదో అదే మొదటి వారం పెట్టి, తర్వాత వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కొత్తది కలుపుతూ మార్చండి. పెద్ద బస్తా చవకని కొనొద్దు, వానాకాలం చెమ్మకు మెత్తబడి బూజు పడుతుంది. గోతాంలోంచి విడిగా తూచి అమ్మేవి అసలే వద్దు. అవి ఎప్పటివో, ఏ గాలి తగిలాయో తెలియదు. చికెన్ పెట్టాలనుకుంటే ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి, ఎముక తీసేసి, రుచికి కొంచెం. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పాడు చేస్తాయి. కూరలోంచి తీసి కడిగి పెట్టిన ముక్కలోనూ ఆ రసం ఉంటుంది.

గిన్నెలకు పెట్ షాపుకి పోనక్కర్లేదు. వెడల్పాటి, లోతు తక్కువ స్టీలు గిన్నెలు మూడు చాలు. ఒకటి తిండికి, రెండు నీళ్ళకు. నీళ్ళ గిన్నె తిండి పక్కన కాకుండా ఇంకో మూల పెడితే చాలా పిల్లులు ఎక్కువ తాగుతాయి. కిలో బరువుకు రోజుకి సుమారు 50 మిల్లీలీటర్లు కావాలి, తడి తిండిలో కొంత వస్తుంది.

ఇక చీమలు. మన ఇళ్ళలో పిల్లి తిండి పెట్టిన పావుగంటకల్లా బారులు తీరుతాయి. అంచున్న పళ్ళెంలో వేలు లోతు నీళ్ళు పోసి మధ్యలో తిండి గిన్నె పెట్టండి. చీమల చాక్‌పీసు మాత్రం గీయొద్దు. అందులోని పురుగుమందు పైరెత్రాయిడ్ జాతిది, పిల్లికి విషం. పిల్లి ఆ గీత తొక్కి, ఆ పాదాన్నే నాకుతుంది.

5. గీకడానికి ఏదైనా

గీకడం అల్లరి కాదు. గోటి పైపొర రాలగొట్టుకోవడానికి, వెన్ను సాగదీసుకోవడానికి, వేళ్ళ మధ్య గ్రంథుల వాసన అంటించి ఇది నా చోటు అని చెప్పుకోవడానికి పిల్లి గీకుతుంది. మనం చోటు చూపించకపోతే సోఫా చూసుకుంటుంది. ఊళ్ళో మా అమ్మమ్మ వాళ్ళింటి పిల్లికి నులకమంచం కోడు ఉండేది, ఇంకేదీ ముట్టేది కాదు. ఫ్లాటులో నులకమంచం లేదు కాబట్టి స్తంభం కావాలి. రెండున్నర, మూడు అడుగుల ఎత్తు, ఒళ్ళంతా సాగదీసి వేలాడినా ఊగకుండా ఉండే బరువైన అడుగు. ఒక్కసారి ఊగి మీద పడిందంటే మళ్ళీ దాని మొహం చూడదు.

షాపులో అమ్మేవాటికి చుట్టేది సైసల్ తాడు, అంటే కిత్తనార. ఇంట్లో చేసుకోవాలంటే వడ్రంగి దగ్గర మూడడుగుల దుంగ, అడుగున్నర చదరపు మందపాటి చెక్క అడిగి బిగించుకుని, తాడును సందు లేకుండా చుట్టుకుంటూ పోయి రెండు చివర్లా మేకు కొట్టండి. మేకు తల పైకి తేలకూడదు. గోనెసంచి చుట్టినా పనిచేస్తుంది. దాన్ని మూలన దాచకుండా సోఫా పక్కనే పెట్టండి. అలవాటయ్యాక మెల్లగా జరుపుకోవచ్చు. గోళ్ళ కత్తెర ఒకటి కొనండి. మొన తెల్లభాగం మాత్రమే కత్తిరించాలి, లోపల గులాబీరంగు గీతను తాకితే రక్తం వస్తుంది.

6. పడక, దువ్వెన

అట్టపెట్టె చాలు. పక్కకు వంచి, పాత కాటన్ చీర మడత వేస్తే దాక్కోడానికీ పడుకోడానికీ అదే. నాటు పిల్లికి వారానికోసారి దువ్వితే సరిపోతుంది. పొడవాటి జుట్టుండే పర్షియన్ జాతి పిల్లిని తెస్తున్నట్టయితే స్టీలు దువ్వెన కొనండి, రోజూ పది నిమిషాలు కేటాయించండి, లేకపోతే జుట్టు అట్టలు కడుతుంది. మన వేసవికి దానికి ఫ్యానో కూలరో తప్పదు. షాంపూ, బట్టలు, మెడకు గంట వద్దు.

7. ఆటవస్తువులు, పూలదారం

ఈకలు కట్టిన కర్ర ఒకటి, పింగ్‌పాంగ్ బంతులు రెండు. అంతే కొనండి. క్యాట్‌నిప్ అని పిల్లుల్ని మత్తెక్కించే ఆకు ఒకటి అమ్ముతారు, అది చిన్న పిల్లిపిల్లల మీద పనిచేయదు. పెద్దయ్యాక మన పెరట్లో కలుపుగా మొలిచే కుప్పింటాకు మొక్క వేరు చూపించండి. చాలా పిల్లులు దాని వాసనకి నేలమీద పడి పొర్లుతాయి.

దారాల సంగతి మాత్రం నిలబడి వినండి. మా రెండో పిల్లి ఒక శుక్రవారం సాయంత్రం నేలమీద వాడిపోయిన మల్లెల మాలతో ఆడుకుంటోంది. మల్లెపూలు పిల్లికి విషం కాదు. నేను చూస్తుండగానే పూలన్నీ రాలిపోయాయి, తెల్లటి దారం మిగిలింది. అది దాని నోట్లోకి జానెడు పోయింది. పిల్లి నాలుకమీద ముళ్ళన్నీ గొంతువైపు వంగి ఉంటాయి. ఒకసారి దారం వాటికి చిక్కితే ఉమ్మేయలేదు, మింగుకుంటూ పోవడమే. నేను పట్టుకున్న కొస ఇంకా పెదవి బయటే వదులుగా ఉంది కాబట్టి వచ్చేసింది. ఒక కొస నాలుకకు చుట్టుకుని ఇంకో కొస పేగుల్లోకి పోతే, పేగు కుచ్చిళ్ళలా ముడుచుకుని కోసుకుపోతుంది. అప్పుడు దారాన్ని లాగకూడదు, పరుగున డాక్టరు దగ్గరకు పోవాలి. పూలమాలలు, కుట్టుదారాలు, సూది, రబ్బరు బ్యాండ్లు, జడ రిబ్బన్లు, సంక్రాంతి మాంజా అన్నిటికీ మూతున్న ఒక స్టీలు డబ్బా కేటాయించండి. ఈ జాబితాలో నేను మీకు ఉచితంగా చెప్పే, అన్నిటికంటే విలువైన వస్తువు ఆ డబ్బానే.

8. ఇంట్లోంచి తీసేయాల్సినవి

బీరువాలోని కలరా ఉండలు. నల్ల ఫినాయిల్, పిల్లి శరీరం ఫినాల్‌ను విరిచి బయటికి పంపలేదు. కుండీల్లో లిల్లీలు, వాటి పుప్పొడి ఒంటిమీద పడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. సైకస్ మొక్క. మనీప్లాంట్ నోరు మండిస్తుంది, అందనంత ఎత్తున వేలాడదీయండి. కుక్కలకు పిడుదుల కోసం మెడమీద వేసే మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లిని చంపుతుంది. జ్వరంగా ఉంది పాపం అని పారాసెటమాల్ ఇచ్చేవాళ్ళున్నారు. ఒక్క మాత్ర ప్రాణం తీయడానికి చాలు.

వాషింగ్ మెషిన్ తలుపు మూసే ఉంచండి, వేసే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. ఇంతకుముందు ఇంట్లో పిల్లి ఏదైనా వాంతులు, విరేచనాలతో హఠాత్తుగా పోయి ఉంటే, పాన్‌ల్యూకోపీనియా అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే వైరస్ నెలల తరబడి ఇంట్లో నిలిచి ఉండొచ్చు. టీకాలు పూర్తికాని పిల్లను అక్కడికి తేవద్దు.

9. డాక్టరు, ఫైలు

పిల్లి రాకముందే పిల్లుల్ని చూసే డాక్టరును వెతికి పెట్టుకోండి, రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబరు ఫ్రిజ్‌కి అంటించండి. ఖర్చు ఆలోచించాల్సినవాళ్ళకు హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లోనూ చూస్తారు. మూడు జబ్బుల టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు కాబట్టి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి మొదటిసారి వెళ్ళినప్పుడే అడగండి. పిల్లిని ఎక్కడ తెచ్చుకోవాలో ఇంకా తేల్చుకోకపోతే, కొనేముందు హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి మూగజీవాల సంరక్షణ సంస్థల్లో ఇల్లు కోసం చూస్తున్నవి ఉన్నాయేమో కనుక్కోండి.

10. ముందు రోజు సాయంత్రం

ఇల్లంతా ఒక్కసారిగా చూపించకండి. ఒక్క గది ఎంచుకోండి. ఒక మూల లిట్టర్, ఎదురు మూల తిండి, మధ్యలో ఎక్కడో నీళ్ళు, అట్టపెట్టె, గీకే స్తంభం. మంచం కింద, బీరువా వెనక చెయ్యి అందని సందులుంటే దిండ్లతో మూసేయండి. చుట్టాల్ని, పక్కింటి పిల్లల్ని వారం తర్వాత రమ్మనండి.

మర్నాడు తెచ్చాక క్యారియర్‌ను ఆ గదిలో పెట్టి, గది తలుపు మూసి, జాలి తలుపు తీయండి. చెయ్యి పెట్టి లాగకండి. ఫోన్ పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కింద కూర్చోండి. పది నిమిషాలు పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. ముందు మీసాలు కనిపిస్తాయి.